పదమూడో ఈక

"పదమూడు," అంది ఎమాక్ ఊనా, కంచంలోంచి తల ఎత్తకుండా.

"పన్నెండు, మాక్," అన్నాడు కొడుకు ఎంకోస్. "మూడు రోజులుగా చెప్తున్నాను. పన్నెండు."

"నువ్వు మూడు రోజులుగా చెప్తున్నావు. నేను యాభై ఏళ్ళుగా చెప్తున్నాను. ఆ పచ్చడి ఇటు జరుపు."

కోడలు కోకోమ్ మిరపకాయ పచ్చడి రోలుతో సహా అత్తగారి ముందుకు జరిపి, మళ్ళీ కీరదోసకాయ తరగడంలో పడింది. ఆ తగువు మూడు రోజులుగా చద్దన్నంతో పాటే వడ్డనకు వస్తోంది. ఎవరూ వేడి చెయ్యనక్కర్లేదు, దానంతటదే వేడెక్కుతుంది.

తగువు కొంగ గురించి. ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు జెండా మీద తెల్లకొంగ ఉంది. దాని రెక్కలో ఎన్ని ఈకలుంటే ఆ తారీఖున క్లబ్బు పుట్టినట్టు. తోకలో ఎన్ని ఉంటే ఆ నెల. చుట్టూ అంచున ఎన్ని చుక్కలుంటే ఆ సంవత్సరం. దేశ చిహ్నంలోని గరుడపక్షి ఈకలు లెక్కపెట్టి స్వాతంత్ర్యం వచ్చిన తేదీ బళ్ళో అప్పజెప్పి పెరిగినవాళ్ళే అందరూ. ఊరి కొంగ మాత్రం తక్కువ తిందా అనుకున్నారు ఆనాటి పెద్దలు. తోకలో తొమ్మిది ఈకలన్న దాని మీద పేచీ లేదు. అంచున డెబ్భైనాలుగు చుక్కలన్న దాని మీదా పేచీ లేదు, అన్ని చుక్కలు లెక్కపెట్టే ఓపిక ఎవరికీ లేదు కనక. పేచీ అంతా రెక్క దగ్గరే. జెండా మీది రెక్కలో ఉన్నవి పన్నెండు. అందుకని క్లబ్బు పుట్టినరోజు సెప్టెంబరు పన్నెండు. ఈ ఏడు యాభయ్యోది. ఎంకోస్ క్లబ్బుకి కార్యదర్శి.

"ఆ వేళ శుక్రవారం," అంది ఎమాక్. "ఉపవాసాల నెలకి ముందు వచ్చిన ఆఖరి శుక్రవారం. ప్రార్థన అయ్యాక మగాళ్ళందరూ మసీదు అరుగు మీదే కూలబడ్డారు. నేను కర్రపెండలం వడలు రెండు గంపలు వేయించి పంపాను. ఖాళీ గంపలతో పాటు క్లబ్బు పెట్టామన్న కబురొచ్చింది."

నాయనమ్మని నిని అనే మనవరాలు రిన్‌రిన్ ఫోను చూసి తండ్రి వైపు తిరిగింది. "నిని చెప్పింది నిజమే అబా. ఆ ఏడు పదమూడు శుక్రవారం. పన్నెండు గురువారం. నాలుగు రోజుల తర్వాత ఉపవాసాలు."

"గురువారం క్లబ్బు పెట్టి, శుక్రవారం వడలు తిని ఉండకూడదా?" అన్నాడు ఎంకోస్.

"వడలు తినకుండా మీ నాన్న ఏ పనీ మొదలుపెట్టలేదు. నీకు పేరు కూడా వడలు తిన్నాకే పెట్టాడు."

"సరే మాక్. నిన్న మీ కళ్ళజోడు ఎక్కడ దొరికింది?"

"బియ్యం డబ్బాలో. బియ్యం ఏరడానికి పెట్టుకునే కళ్ళజోడు బియ్యం డబ్బాలో కాక కోళ్ళగూట్లో ఉంటుందా?"

రిన్‌రిన్ పకపకా నవ్వింది. ఎమాక్ కూడా నవ్వబోయింది గాని, చెయ్యి కంచం మీద ఒక్క క్షణం ఆగిపోయింది. ఆ ఆగడం కోకోమ్ కంట పడింది.

కోకోమ్ కంచాలు కడుగుతుంటే ఎంకోస్ వెనకాలే వంటింట్లోకి వచ్చాడు. గ్లాసులు మోసే నెపంతో వచ్చాడంటే ఏదో ఇబ్బందైన మాట ఉన్నట్టే.

"నిన్న కమిటీ కూర్చుంది," అన్నాడు గొంతు తగ్గించి. "మాక్ ప్రసంగం తీసేశారు."

"ఎందుకని?"

"ఎందుకనేమిటి? బుపాతి గారు వస్తున్నారు. జిల్లా మొత్తానికి పెద్ద. ఆయన ముందు మాక్ మైకు పుచ్చుకుని పదమూడు అంటే? వెనకాల ఇంతెత్తు బ్యానరు మీద పన్నెండు. పరువు ఏం కాను? ముందు వరసలో కుర్చీ వేస్తాం, శాలువా కప్పుతాం. మైకు వద్దన్నారు, అంతే. అదీగాక, నీకూ తెలుసు కదా, ఆవిడకి ఈ మధ్య మతిమరుపు."

"ఆవిడకి చెప్పారా?"

"నువ్వయితే నెమ్మదిగా చెప్తావని..."

"మీ అమ్మకి మీరే చెప్పండి, కాంగ్," అంది కోకోమ్, తోమిన కంచమే మళ్ళీ తోముతూ.

ఆ పది నిమిషాల ప్రసంగం కోసం ఎమాక్ కొత్త రవిక కుట్టించుకుంది. రెండు నెలలుగా కోళ్ళకి మేత వేస్తూ ప్రసంగం అప్పజెప్పుకుంటోంది. కోళ్ళకి ఈపాటికి సగం వచ్చేసి ఉంటుంది. క్లబ్బు పుట్టిన రోజును ఎరిగినవాళ్ళలో ఊళ్ళో ఇంకా బతికున్నది ఆవిడ ఒక్కతే. ఆవిడ మాట చెల్లదని ఊరంతా ఒప్పుకోవడానికి సాక్ష్యం కొంగ రెక్క. ఆ రెక్క కుట్టిన చెయ్యి కోకోమ్‌ది.

కొంగకి పదమూడు ఈకలే ఉండాలని ఆ ఇంట్లో ఎమాక్ తర్వాత తెలిసిన రెండో మనిషి కూడా కోకోమే.

*

ఆ ఇంటి ముందు వసారా అంతా ఎంబ్రాయిడరీ మిషన్లు. ఒకప్పుడు ఎనిమిదీ కాలితో తొక్కేవే. ఇప్పుడు రెండు కంప్యూటరు మిషన్లొచ్చి మూల కూర్చున్నాయి. పనిచేసే ఆడపిల్లలు కోకోమ్‌ని ఎదురుగా తేతే, అంటే అక్కా అని, చాటున "తేతే విప్పు" అని పిలుస్తారు. ఒక్క కుట్టు పక్కకి పోతే గజం గుడ్డయినా సరే, "విప్పు" అంటుంది. బతిమాలినా, ఏడ్చినా, పెళ్ళికూతురు గుమ్మంలో నిలబడ్డా అదే మాట.

మధ్యాహ్నం రిన్‌రిన్ వసారాలో చాప పరిచింది. యాభయ్యో పుట్టినరోజుకి క్లబ్బు గుర్తు కొత్తగా గీయడం ఆ పిల్ల పని. పండగకి వేసే పుస్తకంలో "మన గుర్తు, అప్పుడూ ఇప్పుడూ" అని ఒక పేజీ. దానికి తండ్రి రాసిన అర్థాలు చేతిలో ఉన్నాయి. పాత గుర్తులు ఎమాక్ బిస్కెట్ల డబ్బాలో ఉన్నాయి. చిరిగిన చొక్కాల నుంచి కత్తిరించి దాచిన గుడ్డముక్కలు.

"ఒంటికాలి మీద నిలిచిన కొంగ, ఏకాగ్రతకు సంకేతం," చదివింది రిన్‌రిన్.

"ఏకాగ్రతా లేదు, వల్లకాడూ లేదు," అంది ఎమాక్, అన్నిటికన్నా పాత ముక్క తీస్తూ. "పిండిసంచి గుడ్డ. రెండో కాలు వచ్చేచోట సంచి కుట్టు అడ్డొచ్చింది. సూది విరుగుతుందని కాలు పైకి మడిచేశాను."

"పాదం కింద బంతి, ప్రపంచమంతటా వ్యాపించే ఆశయానికి సంకేతం."

"మొదట్లో బంతే లేదు. పక్క ఊరివాళ్ళు, మీది ఆట క్లబ్బా, చేపల కొట్టా అని ఎగతాళి చేశారు. అందుకని బంతి పెట్టాను. పెట్టాక, మీ కొంగ గుడ్డు పెట్టిందిరా అన్నారు. అప్పుడు దాని మీద నల్ల మచ్చలు వేశాను."

"మచ్చలు వేశాక ఏమన్నారు?"

"గుడ్డు కుళ్ళిందన్నారు."

కోకోమ్ తన మిషను దగ్గర కూర్చుని వింటూ, మెడపట్టీ ఒకటి పూర్తి చేస్తోంది. అత్తగారు మూడో ముక్క తీసింది. దీని మీద కొంగ ముక్కున సీసా ఉంది.

"సోయా పులుసు కాచే ఆసామి ఒకడు చొక్కాలు ఇప్పించాడు. నా సీసా కొంగ నోట్లో పెట్టండి, చాలన్నాడు. పెట్టాం. ఆ ఏడు ఒక్క ఆటా గెలవలేదు. కొంగ తాగి ఆడుతోందని పాటలు కట్టారు. మరుసటేడు సీసా తీసేశాం. కానీ సీసా పట్టుకోవడానికి తెరిచిన ముక్కు, అది అలాగే ఉండిపోయింది."

రిన్‌రిన్ కాగితంలో వెతికింది. "తెరిచిన ముక్కు, నిజం పలకడానికి వెనుదీయని ధైర్యానికి సంకేతం."

కోకోమ్ సూది కింద దారం పుటుక్కున తెగింది.

"మరి ఈ పసుప్పచ్చ?"

"అప్పటి క్లబ్బు పెద్ద ఎన్నికల్లో నిలబడ్డాడు. ఆకుపచ్చ తీసేసి వాళ్ళ పార్టీ రంగు వేయించాడు. ఓడిపోయాడు. ఆకుపచ్చ మళ్ళీ వచ్చింది. మిగిలిపోయిన పసుపు దారం పారెయ్యలేక ముక్కుకీ కాళ్ళకీ వాడేశాను."

"ఉజ్జ్వల భవిష్యత్తుకు సంకేతం," అంది రిన్‌రిన్, చూడకుండానే. తర్వాత పక్కన మడిచి ఉన్న పెద్ద జెండా విప్పింది. పండగకి ఇస్త్రీ చేయించాలని ఎంకోస్ క్లబ్బు నుంచి తెచ్చి పెట్టాడు. చొక్కాల మీది కొంగలకి చోటు ఎంతుంటే అన్నే ఈకలు, కొన్నిటికి అయిదు, కొన్నిటికి ఏడు. సరైన లెక్కతో కొంగ ఉండేది జెండా ఒక్కదాని మీదే. ఎమాక్ కుట్టిన మొదటి జెండాని ఎలుకలు కొరికేశాయి. ఇది రెండోది.

"రెక్కలో పన్నెండు ఈకలు..." అని ఆ పిల్ల నాలిక్కరుచుకుంది.

ఎమాక్ ఈసారి పదమూడని దిద్దలేదు. అదే ఆశ్చర్యం. ముక్కలన్నీ ఒక్కొక్కటీ మడిచి డబ్బాలో పెట్టుకుంది. రిన్‌రిన్ ఫొటోలు తీయడానికి జెండా వెలుతుర్లోకి తీసుకెళ్ళాక, కోడలి మిషను పక్కన పీట మీద వచ్చి కూర్చుంది.

"నెంగ్," అంది, కోడల్ని ముద్దుగా పిలిచే పిలుపుతో. "నా మైకు తీసేశారట కదా."

"ఎవరు చెప్పారు మాక్?"

"ఎంకోస్ గుసగుసలాడితే కోళ్ళు కూడా తలెత్తి వింటాయి. తీస్తే తీశారు. ఆ ఎండలో నిలబడే బాధ తప్పింది." కాసేపు దారం ఉండలు రంగులవారీగా సర్దింది. ఎర్రవి ఎర్రవాటితో, నీలం నీలంతో. "గురువారమే అయ్యుంటుందంటావా?"

కోకోమ్ కాలు మిషను తొక్కుడుబల్ల మీద ఆగిపోయింది.

"ఆ వేళ మీ మామగారు ఖాళీ గంప నెత్తిన బోర్లించుకుని నవ్వుతూ ఇంటికొచ్చాడు. టోపీ పెట్టుకున్నవాడిలా. గంపకంటిన నూనె చెవుల మీదుగా కారుతోంది. అది నాకు నిన్నటిలా ఉంది. అందరూ నీ తారీఖు తప్పంటున్నారు. జెండా కూడా తప్పంటోంది. తారీఖే తప్పయితే, ఆ గంప మాత్రం నిజమని నాకు ఎవరు చెప్పాలి? నేనే కల్పించుకున్నానేమో."

ఎమాక్ లేచి, కోళ్ళ వైపు వెళ్ళింది. ఆ సాయంత్రం వాటికి ప్రసంగం వినిపించలేదు. మేత మాత్రం వేసింది.

*

అప్పటికి కోకోమ్‌కి పెళ్ళయి నాలుగు నెలలు. క్లబ్బుకి పాతికేళ్ళు. అంతకు ముందు ఎవరూ దానికి పుట్టినరోజు చేసిన పాపాన పోలేదు. మొదటిసారి చేద్దామని, అందరికీ సెలవు కదా అని ఆదివారం పెట్టుకున్నారు. ఎమాక్ కూతురి కాన్పుకి గరుత్ ఊరికి వెళ్తూ, పాత జెండా నమూనా కాగితం కొత్తకోడలి చేతిలో పెట్టింది. గీత పొడుగునా సూదితో చిల్లులు పొడిచిన కాగితం. గుడ్డ మీద పరిచి పొడి అద్దితే కొంగ దిగుతుంది. "నీ చెయ్యి బావుంది నెంగ్. జెండా నువ్వు కుట్టు," అంది.

కోకోమ్ తన చేతి గొప్పతనం చూపించాలనుకుంది. నమూనాలో ఉన్నదానికన్నా మొదటి ఈకలు కాస్త నిండుగా, బొద్దుగా కుట్టింది. ఎంత బావున్నాయో అని మురిసిపోయింది. పన్నెండో ఈక అంచుకి వెళ్ళి ఆనింది. పదమూడో దానికి చోటు లేదు. తెల్లారితే పండగ. దారం కత్తిరించి, కాగితం మడిచి మిషను సొరుగు అడుగున పెట్టింది. తర్వాత సరిచేద్దాం అనుకుంది.

అయితే అప్పటి క్లబ్బు అధ్యక్షుడు పాక్ జుహారా లెక్కల మేష్టారు. ఏది కనపడినా లెక్కపెట్టకుండా ఉండలేడు. పాత రికార్డుల పుస్తకం చెదలు తినేశాయి కనక, వేదిక మీదే జెండా పట్టుకుని ఈకలు లెక్కపెట్టాడు. పన్నెండు. ఆ వేళ ఆదివారం కూడా పన్నెండో తారీఖే. "చూశారా, మనకు తెలియకుండానే సరిగ్గా పుట్టినరోజునే కూడాం," అని ఆయన అంటే ఊరు ఊరంతా చప్పట్లు కొట్టింది. అప్పటికి మిగిలిన పెద్దలు ఇద్దరే. వాళ్ళకి వడలు గుర్తున్నాయి గాని తారీఖు గుర్తులేదు. ఎమాక్ వారం తర్వాత వచ్చి "పదమూడు కదా" అంటే నవ్వేశారు.

ఒక ఈక ఎగిరిపోతే ఊరు ఒక రోజు వెనక్కి జరిగింది. ఆ మాట అత్తగారికి ఎలా చెప్పాలో కొత్తకోడలికి తెలియలేదు. కోడలు పాతబడింది, తేతే అయింది, "విప్పు" అయింది. అప్పుడు చెప్పడం ఇంకా కష్టమైంది.

ఇప్పుడు కోకోమ్ సొరుగు మొత్తం ఊడలాగి, అడుగు నుంచి కాగితం తీసింది. పచ్చబడిపోయింది, కానీ చిల్లులు చెక్కుచెదరలేదు. జెండా తెచ్చి రింగులో బిగించింది. కంప్యూటరు మిషను వైపు చూడలేదు. కాలిమిషను మీదే తెల్లదారం ఎక్కించింది.

రిన్‌రిన్ వచ్చి తల్లి భుజం మీంచి తొంగి చూసింది. కాగితం చూసింది, జెండా చూసింది, తల్లి ముఖం చూసింది. పిల్లకి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు.

"అంబు," అంది మెల్లగా. "విప్పాలి కదా? మీరు మాకు చెప్పేదదే."

"విప్పితే గుడ్డ చిల్లులు పడుతుంది. పాతికేళ్ళ కుట్టు."

"మరి లోపల చోటు లేదు."

"బయట ఉంది."

"అంచు మీదుగా కుడితే చుక్క ఒకటి మరుగున పడుతుంది. అప్పుడు డెబ్భైమూడు. క్లబ్బు ఒక ఏడు ముందే పుట్టేస్తుంది."

కోకోమ్ కళ్ళజోడు ముక్కు మీదికి జారవిడిచి చూసింది. పిల్ల నిజమే చెప్పింది. "రెండు చుక్కల సందులోంచి పోనిస్తాను," అంది. "దగ్గరుండి చూడు. పక్కకి పోతే చెప్పు."

*

రాత్రి భోజనాలకి అందరూ చాప మీద చేరాక, కోకోమ్ వడ్డించకుండా నిలబడే ఉంది. చేతిలోని కాగితం విప్పి, ట్యూబులైటుకి అడ్డంగా ఎత్తి పట్టుకుంది. సూది చిల్లుల్లోంచి వెలుతురు దిగి, కొంగ ఒకటి చుక్కలు చుక్కలుగా మెరిసింది.

"లెక్కపెట్టండి మాక్," అంది.

ఎమాక్ కళ్ళజోడు వెతుక్కుంది. అది ఆవిడ నెత్తినే ఉంది. పెట్టుకుని, వేలు గాల్లో ఆడిస్తూ, పెదాలు కదుపుతూ లెక్కపెట్టింది. చివరికి వచ్చి మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది. తర్వాత చెయ్యి ఒళ్ళో పెట్టేసుకుంది.

"నేను కుట్టిన జెండాలో తగ్గింది," అంది కోకోమ్. "చోటు చాలక ఒకటి ఎగ్గొట్టాను. కాగితం దాచేశాను. మీ తారీఖు తప్పు కాదు మాక్. గంప కూడా తప్పు కాదు."

ఎంకోస్ ఖాళీ కంచం పక్కకి జరిపి కాగితం కేసి వంగాడు. ఎమాక్ కళ్ళు కాగితం మీంచి కోడలి మీదికి మళ్ళాయి. కోకోమ్ తిట్లకి సిద్ధపడింది.

"ఒక్క కుట్టు తప్పితే ఆ పిల్లల చేత గజాలు గజాలు విప్పించావు," అంది ఎమాక్. "పెళ్ళికూతుళ్ళని ఏడిపించావు. ఇంట్లోనే ఇంత పెద్ద దొంగకొంగని పెట్టుకుని." కాగితం తన చేతిలోకి తీసుకుంది. "శుక్రవారమే అన్నమాట."

"శుక్రవారమే మాక్."

"చెవుల మీద నూనె కూడా." ఆవిడ కొంగుతో కళ్ళజోడు తుడుచుకుని, కొడుకు వైపు తిరిగింది. "నా కళ్ళజోడు బియ్యం డబ్బాలో దొరికింది. మరి నీ ఈక ఎక్కడ దొరికిందో అడగవేం?"

ఎంకోస్ కార్యదర్శి బుర్ర అప్పటికే పరిగెడుతోంది. "సరే, సరే. కొత్త గుర్తులో పదమూడు పెడదాం. బ్యానరు మీద కాగితం అంటిద్దాం. ఎవరు చేశారన్నది ఇప్పుడెందుకు? చెదల మీదికి నెట్టేద్దాం. చెదలు వచ్చి కాదనవు కదా. లేదా పాక్ జుహారా తప్పు లెక్కపెట్టాడందాం. పోయినాయన, ఏమీ అనుకోడు."

"పోయినాయన లెక్కల మేష్టారు," అంది ఎమాక్. "తప్పు లెక్కపెట్టాడంటే సమాధిలోంచి లేచి వస్తాడు."

రిన్‌రిన్ జెండా తెచ్చి చాప పక్కన పరిచింది. పాతబడి గోధుమరంగు తిరిగిన పన్నెండు బొద్దు ఈకల చివర, పాల తెలుపులో పదమూడోది, సన్నగా, రెండు చుక్కల మధ్య నుంచి హద్దు దాటి బయటికి పొడుచుకొచ్చింది. కొంగ గట్టు దాటి అవతలి మడిలోకి రెక్క చాచినట్టుంది.

"దీనికి ఏం అర్థం రాయను?" అన్నాడు ఎంకోస్ దిగాలుగా.

"రాయకండి," అంది కోకోమ్. అప్పుడు కూర్చుంది. అందరి కంచాల్లోనూ అన్నం వడ్డించి, తన కంచంలో చివరగా వేసుకుని, గొంతు పెంచకుండా చెప్పింది.

"రేపు పొద్దున్న కమిటీ దగ్గరికి నేను వెళ్తున్నాను. పండగ పదమూడున, శుక్రవారం, ప్రార్థన అయ్యాక. కొత్త గుర్తులో కూడా ఈ ఈక ఇలా హద్దు బయటే ఉంటుంది, రిన్‌రిన్ దాన్ని లోపలికి సర్దదు. వేదిక మీదికి ముందు నేను ఎక్కి, అది ఎవరు ఎగ్గొట్టారో చెప్పి దిగుతాను. ఆ తర్వాత మైకు మాక్‌ది, పది నిమిషాలు కాదు, ఆవిడ ఇష్టమైనంతసేపు. వడలు రెండు గంపలు వేయించాలి. కర్రపెండలం ఎవరు తురుముతారో మీలో మీరు తేల్చుకోండి."